వెర్లీ టార్టులు చెయ్యని శుక్రవారం

మా నెనెన్ వెర్లీ వియాటర్ తన మొదటి టార్ట్ తొమ్మిదో ఏట చేసింది. సరదాపడి చేసింది కాదు. గుడ్ ఫ్రైడే రెండు రోజులుందనగా వాళ్లమ్మ ఏడో బిడ్డను కని మంచం మీద ఉంది. వెర్లీని పొయ్యి ముందు ముక్కాలిపీట ఎక్కించి, చేతికి చెక్క గరిటె ఇప్పించి, "పాలు అడుగంటనిచ్చావో, లేచి వచ్చి మరీ వీపు పగలగొడతాను" అని పక్క గదిలోంచే చెప్పిందట. వెర్లీ చెయ్యి ఆపలేదు. ఆ తర్వాత యాభై ఆరేళ్లపాటు ఆపలేదు.

నెనెన్ అంటే బాప్తిస్మం నాడు నన్ను చేతుల్లోకి తీసుకున్న తల్లి. వెర్లీకి సొంత పిల్లలు లేరు గనుక చుట్టాల్లో ఎవరికి బిడ్డ పుట్టినా ఆమెనే అడిగేవాళ్లు. కాదనడం ఆమెకు తెలియదు. అలా పదకొండుమందిమి పోగయ్యాం. "నాకు కాన్పుల బాధ తప్పింది గానీ పుట్టినరోజుల బాధ తప్పలేదు" అనేది.

ఆమె నాన్న చిత్తడి నేలల్లో ఉచ్చులు పన్ని నీటి ఎలుకల తోళ్లు అమ్మేవాడు. పంతొమ్మిదో ఏట ఆమె అడ్లీ వియాటర్‌ను చేసుకుని, ఈరత్‌ ఊరికి దక్షిణాన కాలువ పక్కనున్న అతని ఇంటికి వచ్చింది. అడ్లీ రొయ్యల పడవ మీద పోయేవాడు, పోతే పది రోజులు కనిపించేవాడు కాదు. ఆమె బడి వంటశాలలో పనికి కుదిరి ముప్ఫై ఒక్క ఏళ్లు చేసింది. పొద్దున నాలుగు వందల మంది పిల్లలకు చిక్కుళ్లూ అన్నమూ వండి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముట్టించేది.

పెళ్లయిన మూడో ఏడు అత్తగారు గుడ్ ఫ్రైడే టార్టుల పని ఆమెకు అప్పజెప్పింది. చేస్తావా అని అడగలేదు. రేకు పళ్లేల దొంతర తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లి వరండాలో కూర్చుంది. అంతే.

గుడ్ ఫ్రైడే నాడు మా వైపు మాంసం ముట్టరు, నేలలో పార దించరు. ఆ రోజు భోజనం ఒక్కపూటే. అయితే టార్ట్ భోజనం కిందికి రాదని మా పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేశారు గనుక పొద్దుటినుంచి ఇల్లిల్లూ తిరిగి అవే తింటారు. వెర్లీ ఇంటి ముందు ఎనిమిదింటికే బళ్లు ఆగేవి. బుధవారం ఆమె వెన్న, చక్కెర, గుడ్లు, మైదా కలిపి పిండి పిసికేది. అది రొట్టె పిండిలా ఉండదు. వేలికి అంటుకునేంత మెత్తగా ఉంటుంది, ఒక రాత్రి చల్లబడితే తప్ప మాట వినదు. గురువారం బుయీ కాచేది, అంటే టార్ట్ లోపల పోసే చిక్కటి పాలముద్ద. డబ్బా పాలు, గుడ్లు, చక్కెర, మొక్కజొన్న పిండి, చివర్లో కాస్త వెనిల్లా. చెప్పుకోవడానికి ఇంతే. కానీ సన్నటి సెగ మీద, గరిటె గీసిన చోట గీత నిలిచేదాకా, నిలబడి కలుపుతూనే ఉండాలి. ఒక్కో గిన్నె ముప్పావు గంట. అలా ఆరు గిన్నెలు. తర్వాత పిండి పరిచి, బుయీ పోసి, అంచులు లోపలికి మడిచి, పైన సన్నటి పట్టీలు అడ్డంగా నిలువుగా వేసి కాల్చేది.

మేము పదకొండుమందిమీ పెద్దవాళ్లమయ్యాం. మాలో ఒక్కరమూ ఏ గురువారమూ వెళ్లి గరిటె అందుకోలేదు. శుక్రవారం వెళ్లి తిన్నాం. నేను బళ్లో పాఠాలు చెబుతాను, సెలవు గురువారం నుంచే ఉంటుంది. అయినా నాకూ తోచలేదు.

రెండు వేల ఐదు సెప్టెంబరులో రీటా తుఫాను వచ్చింది. గాలి మమ్మల్ని వదిలిపెట్టింది గానీ నీళ్లు వదలలేదు. గల్ఫ్‌ సముద్రంలోంచి ఉప్పునీళ్లు గడ్డిమైదానం మీదుగా వచ్చి వెర్లీ ఇంట్లో రొమ్ములెత్తు నిలిచాయి. నీళ్లు తీశాక చూస్తే పరుపులు, గోడలు, పెళ్లి ఫొటోలు, అన్నిటిదీ ఒకటే రంగు. పొయ్యి తలుపు తెరిస్తే బురదలో ఒక పీత కూర్చుని ఉంది. అడ్లీ నవ్వాడు. ఆమె తలుపు మూసి బయటికొచ్చేసింది. రేకు పళ్లేలు ఉప్పుకి చిల్లులు పడ్డాయి. అడ్లీ ఇసుకతో తోముదామని కూర్చుంటే లాక్కుని చెత్తకుప్పలో పారేసింది.

అడ్లీ అన్న క్లేబేర్ పరిస్థితి ఇంకా అధ్వానం. ఆయన బ్రహ్మచారి, డెబ్భై తొమ్మిదేళ్లు, వలలు అల్లి బతికినవాడు. ఆయన ఇల్లు పునాది దిమ్మెల మీంచి లేచి, తేలుకుంటూ పోయి, రోడ్డవతల చెరకుతోటలో కూలబడింది. దాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాలేదు. నవంబరులో ప్రభుత్వం ఇచ్చిన తెల్ల ట్రైలర్‌లో ముగ్గురూ చేరారు, చక్రాల మీద నిలిపిన ఇరుకిల్లది. రాత్రిపూట భోజనాల బల్లను మడిస్తే అదే క్లేబేర్‌కి పడక. ఆయనకు చెవుడు. రేడియో పెట్టాడంటే కాలువ అవతలివాళ్లు కూడా వినాల్సిందే.

ఆ చలికాలమంతా వెర్లీ ప్రభుత్వ సాయం కాగితాలు పట్టుకుని వరసల్లో నిలబడింది. ఒక కిటికీ దగ్గర ఇచ్చిన కాగితం ఇంకో కిటికీ దగ్గర చెల్లేది కాదు. ఇల్లు మళ్లీ కట్టుకోవాలంటే నేల మీంచి పదకొండు అడుగులు పైకెత్తాలన్నారు. అరవై ఎనిమిదేళ్ల అడ్లీ స్తంభాలకు గుంతలు తవ్వుతూనే ఉన్నాడు. ఆమె మాట మధ్యలో నిద్రపోవడం మొదలుపెట్టింది. ఒకసారి నాతో ఉల్లిపాయల గురించి చెబుతూ చెబుతూ తల గోడకు ఆన్చేసింది. ఐదు నిమిషాల తర్వాత కళ్లు తెరిచి, ఆపిన చోటునుంచే ఉల్లిపాయల గురించి మళ్లీ ఎత్తుకుంది.

లెంట్ ఉపవాసాలు మొదలైన దగ్గర్నుంచీ, ఈసారి టార్టులు ఉంటాయా అని అందరిదీ ఒకటే ప్రశ్న. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు గుడి మెట్ల దగ్గర పాటల బృందంలో ఉండే ఎర్నెస్టీన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వెర్లీ, ఈసారి మరీ అన్ని చెయ్యకులే. ఓ పదో పన్నెండో చాలు. ఊరు ఊరంతా దిగులుగా ఉంది కదా, నీ టార్ట్ ఒక్క ముక్క తింటే అందరికీ ప్రాణం లేచొస్తుంది."

"ఈసారి చెయ్యట్లేదు."

"అయ్యో, పొయ్యి చిన్నదనా? మా ఇంటికి రా. మా పొయ్యి నీళ్లలో మునగలేదు."

"పొయ్యి గురించి కాదు."

"దుఃఖం అలాగే ఉంటుంది. పనిలో పడితే నీకే తేలికవుతుంది."

"నాకు దుఃఖంగా లేదు ఎర్నెస్టీన్. చెయ్యబుద్ధి కావట్లేదు."

ఎర్నెస్టీన్ ఆ మాట నమ్మలేదు. ట్రక్కు ఎక్కుతూ నాతో, "పాపం, బాగా దెబ్బతింది. నువ్వన్నా కూర్చోబెట్టి నచ్చజెప్పు" అంది. నచ్చజెప్పాలనే నేనూ బుధవారం ట్రైలర్‌కి వెళ్లాను. సిగ్గుపడే సంగతే అయినా చెబుతున్నాను, సంచిలో పిండీ గుడ్లూ కూడా పట్టుకెళ్లాను.

వెర్లీ సంచిలోకి చూసింది. తీసి పక్కన పెట్టింది.

"కూర్చో పిల్లా. నీకో మాట చెప్తాను, వెళ్లి ఊరంతా చెప్పకు. నాకు ఆ టార్ట్ ఇష్టం లేదు."

"ఎప్పటినుంచి?"

"ఎప్పుడూ లేదనుకుంటా. తెలుసుకునే తీరిక ఉంటేగా. పాలు కాగే వాసన తగిలితే చాలు, నాకు నడుం పట్టేస్తుంది. మా అత్త పోయినప్పుడు కూడా ముందు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య, ఇంక ఎవరూ అడగరు అనిపించింది. అంత్యక్రియల నుంచి వచ్చేసరికి గుమ్మంలో మీ అమ్మ నిలబడి ఉంది. 'గుడ్ ఫ్రైడేకి నువ్వే కదా చేసేది' అంటూ."

"మరి చెప్పకపోయావా నెనెన్?"

"చెప్తే? పాపం దెబ్బతింది అంటారు. ఇప్పుడంటున్నారుగా. తుఫాను నా దగ్గర్నుంచి అన్నీ పట్టుకుపోయింది. ఇదొక్కటి కూడా పట్టుకుపోతే బాగుండుననిపించింది. పళ్లేలు పోయాయి కదా, ఇంక ఫర్వాలేదులే అనుకున్నాను."

నేను నచ్చజెప్పలేదు. ఈ మాటలన్నీ బల్ల అవతల క్లేబేర్ ముందే జరిగాయి. ఆయనకు ఎంత వినపడిందో తెలియదు. ఉన్నట్టుండి, "అయితే శుక్రవారం టార్టులు లేవా?" అన్నాడు.

"లేవు బావా," వెర్లీ గట్టిగా అంది.

"అసలు లేవా?"

"అసలు లేవు."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. "సరే. నేను చేస్తాలే."

అడ్లీ తాగుతున్న కాఫీ ముక్కులోకి పోయింది. "అన్నా, నువ్వు గుడ్డు ఉడకబెడితేనే గిన్నె మాడుతుంది."

"గుడ్డుకి ఓపిక ఉండదు. ఎనభై ఏళ్లు తిన్నానురా, చెయ్యడం అంత బ్రహ్మవిద్యా?"

గురువారం ఆయన తమ్ముడి ట్రక్కు తీసుకుని దుకాణానికి వెళ్లాడు. వెర్లీ వాడే డబ్బా పాలకు బదులు తియ్యటి పాల డబ్బాలు తెచ్చాడు. "ఇందులో చక్కెర ముందే ఉంది బావా" అని ఆమె అంటే, "తియ్యగా ఉండాలనే కదా అందరూ తినేది" అన్నాడు.

శుక్రవారం నేను వెళ్లేసరికి తొమ్మిదయింది. ఆ రోజు తవ్వకూడదు గనుక అడ్లీ ఏం చెయ్యాలో తెలియక గుంతల చుట్టూ తిరుగుతున్నాడు. వెర్లీ ట్రైలర్ మెట్ల పక్కన మడత కుర్చీ వేసుకుని, తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. లోపల క్లేబేర్ గిన్నెలతో యుద్ధం చేస్తున్నాడు.

"ఎంతసేపటినుంచి?" అన్నాను.

"ఆరింటినుంచి. పిండి మూడుసార్లు కింద పడేశాడు. చప్పుడుని బట్టి చెప్తున్నాను."

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ముసలాయన మోచేతుల దాకా పిండి. చల్లబరచని పిండి బల్లకు అంటుకుపోయి ఉంటే పెయింటు గీకే రేకుతో గీకుతున్నాడు. పొయ్యి మీద పాలు, చేతిలో గరిటె. గరిటె తిప్పుతూ తిప్పుతూ కాలువలో వెళ్లే పడవ ఎవరిదో కిటికీలోంచి చూడ్డానికి వంగాడు.

కుర్చీలో వెర్లీకి వాసన తగిలింది. "అడుగంటుతోంది" అంది వెనక్కి తిరగకుండానే.

"మావయ్యా, అడుగంటుతోందట" అని నేను అరిచాను.

"ఎవరు వస్తున్నారు?"

"అడుగు. మాడుతోంది."

"చెయ్యి ఆపొద్దని చెప్పు. సెగ తగ్గించమను," వెర్లీ అంది. "అడుగు గీకొద్దను. గీకితే నల్లదంతా పైకొస్తుంది."

నేను ఒక్కో మాటా అరిచి చెప్పాను. ఆయన సెగ తగ్గించాడు. తర్వాత అడుగు గీకాడు. ఆ చప్పుడు బయటికి స్పష్టంగా వినిపించింది.

వెర్లీ కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది. వంటశాలలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి, పక్కవాళ్లు గరిటె తప్పుగా పట్టుకుంటే ఓర్చుకోలేని మనిషి. లోపలికి వెళ్లి ఆ గరిటె లాక్కుంటుందనే నేను అనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆమె మెల్లగా మళ్లీ కూర్చుంది.

"పోనీలే," అంది. "మాడితే మాడుతుంది."

పొయ్యి కింద టార్టులు కాల్చే అర వెలిగించడానికి మోకాళ్ల మీద కూర్చుని అగ్గిపుల్ల పెట్టాలి. క్లేబేర్ కూర్చున్నాడు, వెలిగించాడు, మళ్లీ లేవలేకపోయాడు. అడ్లీ వెళ్లి చంకల కింద చేతులు పెట్టి లేపాల్సొచ్చింది. "తిండి కోసం చచ్చేలా ఉన్నావు" అని తమ్ముడు, "నువ్వు గుంతలు తవ్వి పెట్టావుగా, ఖర్చు లేదు" అని అన్న. ఆ అరలో ఒక్క పళ్లెమే పడుతుంది. నాలుగు టార్టులకు సరిపడా చేసుకున్న సరుకంతా ఆయన ఆ ఒక్కదాంట్లోనే పోశాడు. పొంగి కింద పడి పొగ వచ్చింది. కిటికీలన్నీ తెరిచాం.

పదకొండున్నరకి ఆయన దాన్ని బయటికి తెచ్చి మెట్టు మీద పెట్టాడు. పట్టీలు బుయీలో మునిగిపోయాయి. ఒకవైపు అంచు నల్లగా, రెండోవైపు తెల్లగా ఉంది. చల్లారేదాకా ఆగాలని చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. కోస్తే ముక్క నిలవలేదు. కాగితం గిన్నెల్లోకి గరిటెతో వేసి ఇచ్చాడు. ముందు వెర్లీకి.

ఆమె ఊది, నోట్లో పెట్టుకుంది. ముసలాయన ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"మాడింది," వెర్లీ అంది. "కింద పిండి ఉడకలేదు. చక్కెర ఎక్కువైంది, పలచగా ఉంది."

"ఆఁ?"

"మాడిందన్నాను."

"మరి పారెయ్యనా?"

"ఎందుకు పారెయ్యడం?" ఆమె ఇంకో చెంచా తీసుకుంది. నెమ్మదిగా, ఎక్కడికీ వెళ్లే పని లేని మనిషిలా తింది. గిన్నె ఖాళీ చేసి చాపింది. "ఇంకొంచెం వెయ్యి. మాడనివైపు నుంచి."

ఎన్నో గుడ్ ఫ్రైడేలు ఆ ఇంట్లో గడిపాను. ఆమె కూర్చుని టార్ట్ తినగా చూడటం నాకదే మొదలు. ఆ సంగతి నాకు అక్కడే తట్టింది, తట్టగానే నా గిన్నె అలాగే మెట్టు మీద పెట్టేశాను. మాడిన రుచి అని వాళ్లనుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి గుళ్లో సిలువ ప్రార్థన. వెర్లీ దానికి ఎన్నడూ తప్పింది కాదు. రెండింటికి ఆమె లోపలికి వెళ్లి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడుకుంది. రెండున్నరకి నేను లేపబోతే అడ్లీ తలుపుకి అడ్డంగా వచ్చాడు.

"పడుకోనీ."

"లేపకపోతే కోప్పడుతుందేమో."

"కోప్పడనీ. కోప్పడ్డానికైనా ఓపిక రావాలి కదా."

అతను కుర్చీ లాక్కుని తలుపు ముందు కూర్చున్నాడు. ఒక్కో బండీ రావడం మొదలైంది. నాలాగే ఆమె చేతుల్లో బాప్తిస్మం పుచ్చుకున్న వాళ్లు, వాళ్ల పిల్లలు, ఎర్నెస్టీన్ కూడా. అడ్లీ ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. "పడుకుంది" అన్నాడు అందరితోనూ. "ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే, "బాగానే ఉంది. పడుకుంది" అన్నాడు. క్లేబేర్ మిగిలిన బుయీని చెంచా చెంచా చొప్పున పంచిపెట్టాడు. ఎర్నెస్టీన్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ముక్కు మీద రుమాలు పెట్టుకుని ట్రక్కు దాకా నడిచి వెళ్లింది.

వెర్లీ ఐదున్నరకి లేచింది. జుట్టు ఒకవైపు అణిగి ఉంది. "గుడికి తప్పాను కదూ" అంది. చెంపల మీద నీళ్లు చల్లుకుని వచ్చి, బల్లకు అంటుకున్న పిండిని చూసి, "అది నేను గీకను బావా, ముందే చెప్తున్నా" అంది. క్లేబేర్‌కి అది మాత్రం మొదటిసారే వినపడింది.

మరుసటి ఏడు ఆగస్టుకి ఇల్లు స్తంభాల మీదికి లేచింది. వెర్లీ ఆ ఎత్తు మెట్లను చివరిదాకా తిడుతూనే ఎక్కింది. ఇంటికి వచ్చినవాళ్లు కానుకలుగా కొత్త టార్ట్ పళ్లేలు తెచ్చారు, ఇద్దరు ముగ్గురు ఒకే రకానివి. ఆమె అందరికీ థాంక్స్ చెప్పి, అన్నీ తీసుకెళ్లి క్లేబేర్ గదిలో పెట్టించింది. ఆయన తర్వాత ఇంకో నాలుగు గుడ్ ఫ్రైడేలు చేశాడు. రెండో ఏటికి పాల డబ్బా మార్చాడు, మూడో ఏటికి పిండిని చల్లబరచడం ఒప్పుకున్నాడు. నాలుగో ఏడు చేసినవి నిజంగానే బాగున్నాయి. ఆ మాట వెర్లీ ఆయన మంచి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ఆ శీతాకాలంలోనే ఆయన నిద్రలో పోయాడు.

ఆ తర్వాత ఎవరిళ్లలో వాళ్లం చేసుకోవడం మొదలుపెట్టాం. అందరికీ ఒకేలా కుదరదు. నాది మరీ గట్టిగా వస్తుంది. ఎలా చెయ్యాలని ఫోను చేసి అడిగితే నెనెన్ ఏమీ దాచకుండా చెప్పేది గానీ, వచ్చి చూపిస్తానని మాత్రం ఎప్పుడూ అనలేదు. మేమూ అడగలేదు. ఆమె పోయి ఇప్పటికి మూడేళ్లు.

ఆ చివరి ఏళ్లలో గుడ్ ఫ్రైడేకి ముందు గురువారాల్లో ఆమె ఏం చేసేదని మా అమ్మాయి ఒకసారి అడిగింది. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మధ్యాహ్నం అడ్లీ, ఆమె కాలువ ఒడ్డుకు దిగి, తాళ్లకు కోడిమెడలు కట్టి పీతల కోసం నీళ్లలో వేసేవాళ్లు. ఏవైనా పడితే పడేవి. చాలాసార్లు తాళ్లు అలాగే నీళ్లలో ఉండేవి, వాళ్లిద్దరూ కుర్చీల్లో తలలు వాల్చి నిద్రపోతుండేవాళ్లు.